వేల్పు గుడ్డ వెనక అరచేతులు

నా చిన్నప్పుడు మా గూడెంలో తాతయ్య మాటకు ఎదురుండేది కాదు. మా ఇంటిపేరు వాళ్లందరి వేల్పు గుడ్డ ఆయన దగ్గరుండేది మరి. మా పూర్వీకుల బొమ్మలు వేసిన ఆ గుడ్డను వెదురుబుట్టలో చుట్టిపెట్టి, ఏడాదికోసారి జాతరకు బయటికి తీసేవారు. మళ్లీ చుట్టేముందు మా ఇంట పుట్టిన ఆడపిల్లలు పసుపు తడి అరచేతిని దాని వెనక అద్దాలి. ఒక ఏడాది నేనూ మొదటిసారి అద్దాను. అద్ది, ఆ పచ్చని చేతిని గూడెమంతా తిరిగి చూపించుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు పాత బొమ్మలు కొని అమ్మే వ్యాపారి ఒకడు వచ్చాడు. మా ఇంట్లో తిన్నాడు, మా చాప మీదే పడుకున్నాడు. ఫోటో తీసుకుని తెచ్చిస్తానంటే తాతయ్య గుడ్డ ఇచ్చేశాడు. మన అన్నం తిన్నవాడిని అనుమానించడం మావాళ్లకు చేతకాదు. అన్నట్టే తెచ్చిచ్చాడు కూడా. తీరా జాతరనాడు విప్పితే, బొమ్మలన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నా, తాతయ్య గుడ్డను వేళ్లతో తడిమి "గిది మనది కాదు" అన్నాడు.

పోలీసులు వెతికితే వ్యాపారి కొట్లో రెండో గుడ్డ దొరికింది. ఆ ఘనుడు తడుముకోకుండా, "ఇది నేను వేయించుకున్న నకలు. అసలుది వాళ్లకే ఇచ్చిన" అన్నాడు. రెండూ అచ్చుగుద్దినట్టున్నాయి. ఏది అసలో తేలకపోతే వాడి గుడ్డ వాడికే ఇచ్చేస్తారు. అదే జరిగితే మా వేల్పు ఇక మాకు దక్కదు. "నీ చేతుల మీద పోయింది, నువ్వే తేవాలె. లేకుంటే పెద్దరికం ఇడిచి పక్కకు జరుగు" అన్నారు పెద్దమనుషులు. తాతయ్య అన్నం మానేశాడు. నాకు భయమేసి బళ్లో ఏడ్చాను.

మాకు సైన్స్ చెప్పే టీచరమ్మది ఖమ్మంలో బట్టలకు రంగులద్దే ముస్లింల ఇల్లు. నా ఏడుపంతా విని, "వెనక ఏం అద్దుతరు బిడ్డా?" అని ఒకటే అడిగింది. పసుపని చెప్పాను. మర్నాడు మాతోపాటు భద్రాచలం పోలీస్ స్టేషన్‌కు వచ్చి, రెండు గుడ్డలూ వెనక్కి తిప్పించింది. రెండింటి మీదా పచ్చటి మరకలే. ఆమె మా అవ్వ దగ్గర తమలపాకుల సున్నం అడిగి నీళ్లలో కలిపింది. తేటనీటిలో దూది ముంచి, ముందు మా ఇంటి నుంచి తెచ్చిన గుడ్డ మీద అద్దింది. పచ్చరంగు పచ్చగానే ఉంది.

"చూసిన్రా, రంగు చెక్కుచెదరలే. అసలుది గదే" అన్నాడు వ్యాపారి.

"పసుపుకు సున్నం తగిలితే ఏమైతది అవ్వా?" అంది టీచరమ్మ.

"ఎర్రగైతది. గది తెల్వనిదెవరికి?"

టీచరమ్మ రెండో గుడ్డ మీద దూది నడిపింది. ముందు ఒక వేలు ఎర్రబడింది, తర్వాత చేయంతా. దాని పక్కన ఇంకోటి, దాని మీద మరోటి. మా మేనత్తలవి, వాళ్ల మేనత్తలవి, ఎన్ని చేతులో లేచి వచ్చాయి. అంచున అన్నిటికన్నా చిన్నది, చిటికెన వేలు వంకర తిరిగినది, నాది. ఇన్‌స్పెక్టర్ దాని పక్కన నా చేయి పెట్టమంటే పెట్టాను. పచ్చగా కనబడితే ఏ రంగైనా ఒకటేననుకుని నకలు వెనక కొట్లో కొన్న రంగు పూయించిన వ్యాపారి మెల్లగా గుమ్మం వైపు జరగబోయాడు. తాతయ్య బుట్ట నెత్తిన పెట్టుకుని, నన్ను చంకనెత్తుకుని భద్రాచలం బజారంతా కావాలనే చుట్టు తిరిగి నడిచాడు. ఆ రోజు మాకంటే గొప్పవాళ్లు లోకంలో లేరు.

ఆ ఎరుపు మెల్లగా తగ్గిపోయింది. ఈ మధ్య మ్యూజియం వాళ్లు వచ్చి ఏదో నీలి దీపం వేస్తే అవే చేతులు మళ్లీ మెరిశాయట. నాకేం వింత అనిపించలేదు. ఎవరేది తెచ్చి అసలైనదన్నా, నేను ముందు వెనక్కి తిప్పి చూస్తాను. ఆఖరికి చీరలైనా సరే. మా తమ్ముడి మనవరాలు నవ్వుతుంది. నవ్వనీ. మొన్న జాతరలో దాని అరచేతికి పసుపు రాసింది నేనే.