తీతువు గుడ్ల పక్కన ఎర్ర పీలికలు

పడవలో ఇచ్చిన లైఫ్ జాకెట్టు తల మీదుగా వేసుకుంటుంటే మడ బురద, ఉప్పునీరు, ఎవరిదో పాత చెమట కలిసిన వాసన గుప్పుమంది. అంతే, గోదావరి సముద్రంలో కలిసే ఈ పాయ మీద, మా తాత పడవలో ముందు కూర్చుని నీళ్ళలో కాళ్ళాడించిన ఆదివారాలన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. మా అమ్మాయికి పిట్టల్ని చూపిద్దామని వచ్చాను. కాలేజీలో పాఠాలు చెప్పే ఒకావిడ, తన ఇష్టం కొద్దీ, ఆదివారాలు ఇలా జనాన్ని వెంటబెట్టుకుని తిప్పుతోంది.

అప్పట్లో ఆ పని టౌను నుంచి వచ్చే సైన్సు మేస్టారు చేసేవారు. ఎండాకాలం ఏరు తగ్గి మా లంక చివర ఇసుకమేట తెల్లగా పైకి తేలి, పుచ్చపాదుల పచ్చివాసన గాలిలో తిరిగే రోజుల్లో, టౌనువాళ్ళు పదిమంది అరిటాకు ఉప్మా పొట్లాలతో అవతలి రేవులో దిగేవారు. తాత చుట్ట పంట బిగించి గెడ వేస్తూ వాళ్ళని దాటించేవాడు. పిట్ట పేరు మేస్టారు చెప్పేవారు, అది ఎక్కడుందో తాత చెప్పేవాడు, అదీ వేలెత్తి చూపకుండా, గడ్డం కాస్త ఎత్తి. చప్పట్లు మాత్రం మేస్టారికే.

తీతువు గూడు కట్టదు. ఇసుకలో చిన్న గుంట చేసి మచ్చల గుడ్లు పెడుతుంది, పక్కనే నిలబడినా కనపడవు. ఒక ఆదివారం ఎవరిదో బూటు గుడ్ల మీద పడబోయి వెంట్రుకవాసిలో తప్పింది. వారమంతా నాకదే బెంగ. వల వేసిన చోట గెడ పాతి గుడ్డపీలిక కడితే మిగతా పడవలు తప్పుకుపోతాయని మా ఇళ్ళలో పసిపిల్లలకి కూడా తెలుసు. పదేళ్ళదాన్ని, నాకు తెలిసిన విద్య అదొక్కటే. శనివారం సాయంత్రం తాత వల గెడలు మోసుకెళ్ళి, అమ్మ పాత ఎర్రచీర చింపి, గుంటకొకటి చొప్పున పాతేశాను. ఎంత గర్వపడ్డానో.

తెల్లారి అందరితో కలిసి వెళ్ళేసరికి ప్రతి గెడ మీదా ఒక కాకి. చెట్టన్నదే లేని ఆ మేట మీద వాటికి వాలే చోటు, కిందకి చూసుకునే ఎత్తు నేనే ఏర్పాటు చేశాను. గెడల మొదట్లో పెంకులు, ఎండిన సొన, చీమలు. తీతువులు మా తలల మీద తిరుగుతూ ఒకటే అరుపులు.

"ఎవరు పాతారివి?" మేస్టారు అందరి వైపూ తిరిగారు.

తాత గెడల్ని చూశాడు, పీలికల్ని చూశాడు, నన్ను మాత్రం చూడలేదు. నోట్లో చుట్ట తీసి, "నేనేనండి బాబూ. తెలీక చేశానండి," అన్నాడు.

తెలీకట! ఆ ఇసుకలో ప్రతి గుంటా తెలిసిన మనిషి. నేను వెళ్ళి తాత వెనక నక్కాను. "నిన్ను నమ్మి తీసుకొచ్చాను చూడు, నాకు బుద్ధి లేదు," అని మేస్టారు అందరి ముందూ అనేసి, పై వారం నుంచి వేరే పడవ మాట్లాడుకున్నారు. తాత మాత్రం ఆదివారం తెల్లారేసరికి పడవ శుభ్రంగా కడిగి, అవతలి రేవులో కట్టుకుని, పొద్దెక్కేదాకా కూర్చుని వచ్చేవాడు. ఆ ఏడు పెద్దాపురం మరిడమ్మ జాతరలో ఎప్పటిలాగే నాకు జీళ్ళు కొనిపెట్టాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆయన పోయేదాకా ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

ఆ మేట ఇప్పుడు లేదు. లారీల్లో తవ్వుకుపోగా మిగిలింది ఏరు కోసుకుపోయింది. సరిగ్గా అక్కడే ఆ కాలేజీ ఆవిడ ఇంజను ఆపించింది.

"ఇక్కడ ఒకప్పుడు తీతువులు గుడ్లు పెట్టేవండి. ఒక పడవాయన తెలివితక్కువగా కర్రలు పాతి, కాకుల్ని పిలిచి మరీ గుడ్లన్నీ తినిపించేశాడట! మా వాలంటీర్లకి మొదటి పాఠం ఇదేనండి."

పడవంతా నవ్వింది. మేట తవ్వినవాళ్ళ ఊసు ఎవరూ ఎత్తలేదు.

మా అమ్మాయి నా చెయ్యి లాగింది. "ఎవరమ్మా ఆ పడవాయన?"

"ఎవరో లేమ్మా," అన్నాను.