చొక్కాకి కాదు, ఆ పదహారు

పోయిన మంగళవారం మధ్యాహ్నం మా ఆవిడ అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో, మా ఇంట్లోనే కన్నుమూసింది. పొద్దున రెండు చెంచాల జావ తాగింది. నర్సు వచ్చి చూసి వెళ్ళింది. పదకొండింటికి కళ్ళు తెరిచి, "ఏమండీ, మీ ఫార్మ్ పెట్టారా?" అంది. పెడతానన్నాను. తర్వాత మాట్లాడలేదు.

పక్క ఊళ్ళోని చార్టర్ స్కూలుకు ఆమె తొమ్మిదేళ్ళు విరాళాలు సేకరించింది. మా పిల్లలు అక్కడ చదవలేదు. ఫీజు లేని బడి. పిల్లల సంఖ్యను బట్టి ప్రభుత్వం ఇచ్చేది టీచర్ల జీతాలకు సరిపోతుంది. భవనం అద్దెకు, లైబ్రరీకి దాతలే దిక్కు. మనవాళ్ళు పనిచేసే కంపెనీలు చాలావరకు ఉద్యోగి ఎంత విరాళం ఇస్తే అంత తామూ కలుపుతాయి. దానికి ఆ ఉద్యోగే ఆన్‌లైన్‌లో ఫార్మ్ పెట్టాలి. అక్కడే అందరూ బద్ధకిస్తారు. అందుకని ఆమె తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లకి లాప్‌టాప్ పట్టుకెళ్ళేది. ఫార్మ్ పెట్టేదాకా పులిహోర గిన్నె మూత తీసేది కాదు.

మొదటి ఏడు మనవాళ్ళంతా అలవాటుగా నూట పదహారు డాలర్లు ఇచ్చారు. ఆ పదహారు ఎందుకో బడివాళ్ళకి తెలియలేదు. బడి టీషర్టు ధర పదహారు కాబట్టి, ఇంటింటికీ ఒక ఆకుపచ్చ చొక్కా పోస్టులో పంపారు. ఈమె వెళ్ళి ప్రిన్సిపల్‌కి చెప్పింది: "చొక్కాకి కాదండీ. ఇచ్చింది సున్నాతో ఆగిపోకూడదని." మరుసటి ఏడు విరాళాల కాగితంలో నూట పదహారుకి ఒక గడి అచ్చయింది. ఇప్పుడు తెలుగు ముక్క రాని తల్లిదండ్రులు కూడా ఆ గడిలోనే టిక్కు పెడతారు. ఆ కాగితం నా ఆఫీసు గోడకి పెట్టుకున్నాను. ఎందుకో ఆమెకెప్పుడూ చెప్పలేదు.

ఏటా నేనూ ఇచ్చాను. ఫార్మ్ మాత్రం ఒక్కసారీ పెట్టలేదు. "ఊరందరి చేతా పెట్టించావు వదినా, అన్నయ్యని వదిలేశావు," అని ఓ స్నేహితుడు ఏడిపిస్తే, "ఆయన్ని ఆఖర్న పడతా" అని నవ్వింది. అప్పటికి జబ్బు సంగతి తెలియదు.

అంత్యక్రియలకి మనవాళ్ళు కోట్ల కింద ఆ పాత చొక్కాలు వేసుకొచ్చారు. బడి లైబ్రేరియన్ కూడా వచ్చింది. తన జీతానికి ఈ ఏడు విరాళం ఇంకా కొద్దిగా తక్కువైందని, అది నెలాఖరుకి అందకపోతే లైబ్రరీ మూసేస్తారని నేను అడిగితేనే చెప్పింది.

గురువారాలు ఆ లైబ్రరీ తలుపు మా ఆవిడ తీసేది. రేపు గురువారం. పొద్దున్నే లేచి ముందు ఫార్మ్ పెడతాను. తర్వాత నా చొక్కా కవరు చింపి, తొడుక్కుని, పిల్లలు వచ్చేలోపు వెళ్ళి ఆ తలుపు తీస్తాను.