అడగని దిబ్బరొట్టె

ఎవరైనా ఊరికే ఏదైనా ఇస్తే, తీసుకునే ముందు దాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసే మనిషిని నేను. పోర్టులో కంటైనర్లు తనిఖీ చేసే ఉద్యోగం. సీలు సరిగ్గానే ఉన్నా చుట్టూ తిరిగి చూడాలి, తట్టి చూడాలి, కాగితం మీద రాసిందే లోపల ఉందో లేదో అనుమానించాలి. ఏళ్ళ తరబడి అదే పని చేసేసరికి ఆ చూపు నాతో పాటే ఇంటికీ, బజారుకీ కూడా వచ్చేస్తోంది.

పుట్టి పెరిగింది పోర్టు పక్కనే, మల్కాపురంలో. పెందుర్తిలో ఇల్లు కట్టుకుని అటు మారాక ఉద్యోగం ఊరికి ఒక చివర, ఇల్లు ఇంకో చివర అయింది. మా ఆవిడ స్కూల్లో టీచరు, నాకంటే ముందే బయల్దేరుతుంది. అందుకని నా టిఫిను మా కాలనీ మలుపులో, ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న తోపుడు బండి దగ్గరే.

ఆ బండి ఒక భార్యాభర్తలది. ఆమె ముందు నిలబడి వేసి పెడుతుంది. ఆయన వెనక ప్లాస్టిక్ కుర్చీలో, పక్కన చేతికర్ర ఆనించుకుని, కొబ్బరి కోరుతూనో అల్లం చెక్కు తీస్తూనో ఉంటాడు. ఒక కాలు సరిగ్గా వంగదు. ఎక్కువ మాట్లాడడు. వాళ్ళ ఇడ్లీ పెద్ద గొప్పదని చెప్పను గానీ, దాని మీద వేడివేడిగా పోసే బొంబాయి చట్నీ మాత్రం ఈ ఊర్లో ఇంకెక్కడా అలా కుదరదు. శనగపిండి వాసన రాకుండా, పచ్చిమిర్చి ఘాటు తెలిసీ తెలియకుండా, ఇడ్లీలోకి ఇంకిపోయేంత పల్చగా ఉంటుంది.

ఒకరోజు నా ప్లేటులో ఇడ్లీల పక్కన దిబ్బరొట్టె ముక్క కనిపించింది. ఇనప మూకుడులో సన్న సెగ మీద కాల్చింది. అడుగంతా ఎర్రగా అట్టకట్టి ఉంది, పైన బెల్లం పాకం.

"ఇది నేను అడగలేదమ్మా," అన్నాను.

"తినండి బాబూ. ఇంటికాడ సేసుకున్నది."

"బోర్డు మీద లేదే?"

"అమ్మడానికి కాదండి. మీకే."

చుట్టూ చూశాను. ఇంకెవరి ప్లేటులోనూ లేదు. ముక్క కొరికితే అడుగున కరకరలాడి లోపల దూదిలా విడిపోయింది. అంత రుచిగా ఉండటం కూడా నాకు అనుమానంగానే అనిపించింది. తర్వాత రెండు మూడు రోజులకోసారి అలాగే పెట్టేది. నేను వద్దంటే వినిపించుకోనట్టు ఇంకొకరికి చట్నీ వేసేది.

పోర్టులో పని చేస్తానని తెలిసి, కొడుక్కో అల్లుడికో కాంట్రాక్టు ఉద్యోగం అడుగుతారేమో అనుకున్నాను. అడగలేదు. ఒక పొద్దున మాత్రం ఆమె అట్టు తిప్పుతూ, "మీది మల్కాపురం దారేనా బాబూ?" అంది.

"ఆ. ఏం?"

"శానా కాలం నుంచి అటే తిరుగుతన్నారేటి?"

"ఎందుకు అడుగుతున్నావమ్మా?"

"ఊరికినే," అని వెనక్కి తిరిగి భర్త వైపు చూసింది. ఆయన మెల్లిగా తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు నచ్చలేదు. ఇద్దరూ ముందే ఏదో అనుకుని ఉన్నారు.

సాయంత్రం ఇంట్లో చెబితే మా ఆవిడ నవ్వేసింది. "ఆడమనిషి రోజూ నా మొగుడికి కొసరి పెడతంటే అనుమానం రావాల్సింది నాకు గదండీ? మీకొచ్చిందేటి?" అంది.

ఆఫీసులో నాతో పని చేసే స్నేహితుడు మాత్రం నవ్వలేదు. మొత్తం విని, "బావా, ఆయనకి కాలు బాగోదన్నావు గదా?" అన్నాడు.

"అవును."

"అయితే యాక్సిడెంటు కేసై ఉంటాది. సాక్ష్యానికి మనిషి కావాల. ఆ రోడ్డు మీద రోజూ తిరిగేవోడు, అందులోనూ పోర్టు ఉద్యోగి దొరికితే వొదులుతారేటి? నిన్ను మేపుతన్నారు బావా."

మేపుతన్నారు! ఆ మాట విన్నాక మరి ఆ వైపు వెళ్ళబుద్ధి కాలేదు. మర్నాటి నుంచి చుట్టు దారిన పోయి రైల్వే గేటు దగ్గర ఒక హోటల్లో తినడం మొదలుపెట్టాను. గట్టి ఇడ్లీ, నీళ్ళ చట్నీ. ఎవరూ పలకరించరు, ఎవరూ ఒక చెంచా ఎక్కువ వెయ్యరు. మనసుకి హాయిగా ఉండేది. కడుపుకి మాత్రం కాదు.

వానలు పట్టాక ఆ చుట్టు దారిలో నీళ్ళు నిలిచి నా బైకు పోనివ్వలేదు. తప్పనిసరై పాత మలుపు మీదుగానే బయల్దేరాను. ఆగకుండా పోదామనుకుంటే ఆమె నన్ను దూరం నుంచే చూసి, కొంగు నెత్తి మీద కప్పుకుని రోడ్డు మీదికే వచ్చేసింది.

"బాబూ! ఒంట్లో బాగోనేదేటి? కనపడ్డమే మానీసినారు!"

బైకు ఆపాను గానీ దిగలేదు. మనసులో ఉన్నది కక్కేశాను. "చూడమ్మా, నేను ఏ కేసులోనూ సాక్ష్యం చెప్పను. ఏ యాక్సిడెంటూ నేను చూడలేదు."

ఆమె ఇంకో అడుగు దగ్గరికి వచ్చింది. "కేసేటి బాబూ?"

వెనక నుంచి ఆయన నవ్వు వినిపించింది. అన్నాళ్ళలో ఆయన నవ్వగా వినడం అదే మొదలు. "సూసినావేటే? నాను సెప్పనేదా? యాక్సిడెంటు ఊసు మనం ఎత్తినామేటి? మరి ఆయనకెలాగ తెలిసింది?"

నేను బైకు దిగాను. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. పెద్ద తుపాను వచ్చి ఊర్లో చెట్లన్నీ పడిపోయిన ఏడాది, దానికి కొంచెం ముందు, వినాయక చవితి పందిళ్ళు వేస్తున్న రోజుల్లో, ఆయన మల్కాపురంలో కూలి పని ముగించుకుని సైకిల్ మీద వస్తుంటే ట్యాంకర్ తగిలింది. కళ్ళలోకి రక్తం కారి ఏమీ కనపడలేదు. హెల్మెట్ పెట్టుకున్న ఒక మనిషి ఎత్తి ఆటోలో వేసి, ఆస్పత్రి దాకా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడట. "నిద్దరోకు బాబాయ్, మాటాడతా ఉండు," అని దారంతా మాట్లాడిస్తూనే ఉన్నాడట. భార్యకి కబురు అందేదాకా ఉండి, ఆమె వచ్చేలోపే, పేరు కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడట.

"మొకం సూడనేదు బాబూ. గొంతు మాత్రం ఇదే. ఈ బొంగురు గొంతే. మీరు ఫస్టు రోజు ఇడ్లీ అడగ్గానే నా గుండె జల్లుమంది. అడిగితే మళ్ళీ ఎల్లిపోతారని, ఏటీ అనొద్దు, కడుపునిండా ఎట్టు అన్నాను దీనితోటి."

నాది చిన్నప్పటి నుంచీ బొంగురు గొంతే. స్కూల్లో అందరూ వెక్కిరించేవాళ్ళు.

"అది నేను కాదు బాబాయ్."

"ఆరోజూ ఇలాగే, పేరడిగితే సెప్పనేదు."

"నిజంగా కాదు."

"అలాంటోలు ఒప్పుకోరు బాబూ."

కాదన్న కొద్దీ ఆయనకి నమ్మకం గట్టిపడుతోంది. ఇంతమందిలో నన్నే ఎందుకు పట్టుకున్నారని నాకు లోపల ఇంకా అనుమానం పీకుతూనే ఉంది. ఏ ఆస్పత్రి, ఏ వేళ, ఆటో ఎటు నుంచి వచ్చిందని డ్యూటీలో ఉన్నట్టే ప్రశ్నలు వేశాను. ఆయన తడుముకోకుండా జవాబు చెప్పాడు. చివరికి నేనే చెప్పాల్సి వచ్చింది. ఆ ఏడాది చవితికి నేను ఊర్లో లేను. డిప్యుటేషన్ మీద పారాదీప్ పోర్టులో ఉన్నాను. తుపాను వెళ్ళాకే తిరిగొచ్చాను. వచ్చేసరికి మా మల్కాపురం ఇంటి రేకులు ఎగిరిపోయి ఉన్నాయి.

ఆయన చేతిలో అల్లం ముక్క అలాగే ఆగిపోయింది. మోసపోయామని అంటారేమో, తిన్నదంతా కక్కమన్నట్టు చూస్తారేమో అనుకుని సిద్ధంగా నిలబడ్డాను.

"అయితే ఆ బాబు ఇంకా మన బండి కాడికి రానేదన్నమాట," అన్నాడు చివరికి.

ఆమె ఆకులో చుట్టిన రొట్టె ముక్క నా చేతిలో పెట్టింది.

"నేను ఆయన్ని కాదని చెప్పాను కదమ్మా."

"ఇయ్యాలైనా వొస్తారని మీ కోసవని తెచ్చినాను. ఇప్పుడు మరొకలికి ఎలాగెట్టను? తినండి, సల్లారిపోతాది."

తుంపరలో నిలబడి తిన్నాను. సిగ్గుగానూ ఉంది, ఆకలిగానూ ఉంది.

మళ్ళీ అక్కడే తినడం మొదలుపెట్టాను. ఆ తర్వాత ఆయన దాపరికం మానేశాడు. మల్కాపురం వైపు పోయే మనిషి హెల్మెట్ తీసి బండి దగ్గర నిలబడితే చాలు, తుపాను ఏడాది సంగతి చెప్పి, "మీరు గాదు గదా బాబూ?" అని అడిగేవాడు. ఆ అసలు మనిషెవరో అని నేనూ ఆఫీసులో ఆరా తీశాను. నా స్నేహితుడు కూడా, కేసు గీసు ఏమీ లేదని తేలాక, లారీ యూనియన్ వాళ్ళని అడిగి చూశాడు. ఎవరికీ తెలియదు.

ఒకరోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన, పళ్ళెంలో ఉన్న దిబ్బరొట్టె వైపు చూస్తూ కథంతా విని, "అవును, నేనే," అన్నాడు. గొంతు సన్నగా, పీలగా ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దాయన మాత్రం కర్ర పట్టుకుని లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, పెద్ద ముక్క వేయించాడు. పాకం కూడా ఎక్కువ పోయించాడు. ఆ మనిషి తిని, మూతి తుడుచుకుని, ఎక్కువసేపు నిలబడకుండా వెళ్ళిపోయాడు.

"బాబాయ్, ఆయన అబద్ధం చెప్పాడు. ఆ గొంతు విన్నావా?"

"ఇన్నాను."

"మరి?"

"మీరు కాదంటేనే ఎట్టినాం. ఆయన అవునంటే ఎట్టకపోతే ఎలాగ బాబూ?"

మర్నాడు ఆ మనిషి మళ్ళీ వచ్చాడు. ఏం చేస్తాడో చూద్దామని నా ప్లేటు పట్టుకుని అతని పక్కకే వెళ్ళి నిలబడ్డాను. ఆమె ఇద్దరికీ చెరో రొట్టె ముక్క పెట్టింది. అతను నా వైపు చూడలేదు. ఇద్దరం పాకం చొక్కా మీద కారకుండా ముందుకు వంగి తిన్నాం.