జెల్లచేపల ముద్ద

మునగాకు మేతతో జెల్లచేపలు బాగా పెరుగుతాయని గ్రంథాలయంలో ఎన్నో పుస్తకాల్లో చదివాను. ఆ చేపలను చూసి కుళ్లుకున్న పిల్ల గురించి ఏ పుస్తకమూ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను.

నిన్న మైపాడు బస్సులో పచ్చి మునగాకు వాసనకు నాన్న గుర్తొచ్చాడు. ఆకు నూరి, తవుడు కలిపి, ముద్దలు చేసి, "రండి నాయనా, తినండి" అంటూ చేపల గుంటలో వేసేవాడు. నాతో అంత మెత్తగా మాట్లాడేవాడు కాదు. ఒకరోజు ఆ ముద్ద నేనే తిన్నాను.

"ఏందమ్మే, చేపల మేత తింటా ఉండావు?"

"వాటికైతే ముద్దలు చేస్తావు. నాకెప్పుడన్నా పెట్టినావా?"

ఆ మధ్యాహ్నం నాన్న పప్పన్నం ముద్ద నా నోటికి అందించాడు. అది నోట్లో పట్టలేదు. పిల్లలకు తినిపించడం ఆయనకు అదే మొదటిసారని ఇప్పుడు అర్థమవుతోంది.

ఆ పెద్ద ముద్దను రెండు చేయమన్న అమ్మ సుబ్బమ్మకు, నాన్న పెంచలయ్యకు, మునగాకు కోసిచ్చిన రత్నమ్మక్కకు కృతజ్ఞతలు. చేపలకు మాత్రం ఇప్పటికీ చెప్పబుద్ధి కావడం లేదు.