మెగ్నీషియం సంచి

ఆ రోజు ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా భార్య పోయిన ఎనిమిది నెలల్లో పాలు పొంగడం నాకు కొత్త కాదు, కానీ ఆ రోజు తప్పు నాది కాదు. మా బావమరిది వంటింటి గట్టు మీద ఒక పొట్లం విప్పి, "ఇదేంటో చెప్పండి బావగారూ" అన్నాడు.

"బూడిద."

"అందరూ అట్టాగే అనుకుంటారు."

అతను నా భార్యకు తమ్ముడు. ఆటోనగర్‌లో లారీల డైనమోలు బాగుచేసే షాపు ఉంది. అక్క ఉన్నప్పుడు రోజూ షాపుకు పోతూ మా ఇంట్లో కాఫీ తాగేవాడు. ఆమె పోయాక కూడా మానలేదు. మేమిద్దరం ఆమె గురించి మాట్లాడుకునేవాళ్లం కాదు. కాఫీ తాగేవాళ్లం. నాకు అది చాలేది.

పొట్లంలోది బొగ్గు కాల్చి కరెంటు తీయగా మిగిలిన బూడిద. అందులో మెగ్నీషియం అనే లోహం ఉందని, దాన్ని బయటికి తీసే కంపెనీ వస్తోందని, ముందు చేరినవాళ్లకు పెద్ద వాటా అని చెప్పాడు. తీయడానికి ఏం కావాలని అడిగాను. బాగా కరెంటు కావాలన్నాడు. ఆ తర్వాత పామర్రు దగ్గరి ఎకరం అమ్మి, ఆ డబ్బు కంపెనీలో పెట్టే మాట ఎత్తాడు.

అది మా మామగారు కూతురికి పసుపు కుంకుమల కింద రాసిచ్చిన పొలం. మాకు పిల్లలు లేరు. ఇప్పుడది నా పేరు మీద ఉంది. పక్క చేలన్నీ రొయ్యల చెరువులైపోయాయి, ఆ చెరువులవాళ్లు దీన్నీ అడుగుతున్నారు.

"నాలుగు బస్తాల బియ్యం కోసం ఎకరం అట్టే పెట్టుకుంటారా? మీరొక్కళ్లు ఎంత తింటారు బావగారూ?"

నేనెంత తింటానో అతనికి తెలుసు. కౌలు రైతు ఆ బస్తాల మీద ఇప్పటికీ నా భార్య పేరే రాసి పంపుతాడని కూడా తెలుసు.

కంపెనీ పుస్తకం ఒకటి ఇచ్చి చదవమన్నాడు. నేను ప్రెస్సులో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ణి. అట్ట మీద 'బూడిదలో బంగారు భవిష్యత్తు' అని ఉంది. లోపల మెగ్నీషియం అని ఉండవలసిన చోట మూడుసార్లు మాంగనీసు అని పడింది. అది వేరే లోహం. అలవాటు కొద్దీ ఎర్ర పెన్నుతో దిద్ది ఇచ్చేశాను. మర్నాటికల్లా నేను ఒప్పుకున్నానని బంధువులందరికీ తెలిసిపోయింది.

"కొట్టేయాల్సినవి కొట్టేశారు. అంటే మిగతాదంతా కరెక్టనేగా?" అన్నాడు బావమరిది.

ప్రూఫులు దిద్దేవాడి మౌనానికి ఇంత విలువ ఉందని ప్రెస్సులో నాకెవరూ చెప్పలేదు.

ఆదివారం పొద్దున బెజవాడలో ఒక కల్యాణమండపంలో మీటింగు పెట్టారు. ముందు రోజు పెళ్లి దండలు ఇంకా తీయలేదు. కంపెనీ పెద్దమనిషి పెళ్లికొడుకు కుర్చీలో కూర్చున్నాడు. కోటు వేసుకున్న ఇంజినీరు సన్నని లోహపు రేకును పట్టకారుతో పట్టుకుని అంటించాడు. కళ్లు మూసుకోవలసినంత తెల్లని వెలుగు వచ్చింది. అది ఆరాక పళ్లెంలో గుప్పెడు తెల్లని బూడిద మిగిలింది. హాలంతా చప్పట్లు కొట్టింది. బూడిద నుంచి లోహం తీస్తామని పిలిచి, లోహం నుంచి బూడిద తీసి చూపించారు. అది ఎవరికీ తేడాగా అనిపించలేదు.

మా కౌలు రైతు కూడా వచ్చాడు. పొలం అమ్మితే ముందుగా పోయేది అతని సేద్యమే. అతను చేతులు కట్టుకుని లేచాడు.

"అయ్యా, మా పక్క చెరువుల్లో రొయ్యకి గుల్ల గట్టిపడాలని మెగ్నీషియం సంచులు చల్లుతారండి. ఇదీ అదేనాండి?"

"అదే. ఇంకా మేలు రకం" అన్నాడు ఇంజినీరు.

"మరి ఇది చల్లితే చెరువు అంటుకోదాండి?"

జనం నవ్వారు. ఇంజినీరు మంచి ప్రశ్న అని మెచ్చుకుని మంచినీళ్లు తాగాడు. సంచిలో వచ్చేది ఒక రకం ఉప్పు. ఆయన కాల్చింది లోహం. మా వైపు మెగ్నీషియం అంటే సంచే కాబట్టి, సగం హాలు సంచులు అమ్ముకోవచ్చన్న లెక్కలోనే వచ్చింది. ఆ తేడా ఇంజినీరుకు తెలియకపోతే ఒక ఇబ్బంది, తెలిసి అన్నాడంటే ఇంకో ఇబ్బంది.

నేనూ లేచి, ఆ బూడిద కంపెనీ సొంతమేనా అని అడిగాను.

"బూడిదకి సొంతదారేంటండీ? తోలుకుపొమ్మంటారు."

"అందులో లోహం ఉందని తెలిశాక కూడానా?"

బావమరిది నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

బయటికి వచ్చాక చెప్పుల దగ్గర అన్నాడు: "నలుగురిలో నా పరువు తీశారు. అక్క ఉంటే నా మాట కాదనేది కాదు."

అది నిజం. ఆమె ఎప్పుడూ అతన్ని కాదనలేదు. ఇంకాస్త కాఫీ పోసేది. అతను ఏమడగడానికి వచ్చాడో మర్చిపోయి వెళ్లేవాడు. నాకు ఆ నేర్పు లేదు.

"సంతకం పెట్టను" అన్నాను.

"మీ ఇష్టం" అన్నాడు. పక్కన బావగారూ అన్న మాట లేదు.

ఆ కంపెనీ ఇప్పుడు రొయ్యల చెరువులకు సంచులు అమ్ముతోంది. ఎక్కడో కొని, వేరే సంచుల్లో పోసి, తన పేరు వేసుకుంటుందని కౌలు రైతు చెప్పాడు. నమూనా కోసం బావమరిది షాపు వెనక దింపించిన లారీడు బూడిద అక్కడే ఉందట. ఇంజనాయిలు ఒలికినప్పుడల్లా చుట్టుపక్కల షాపులవాళ్లు తలా ఒక తట్ట పట్టుకుపోయి నేల మీద చల్లుతున్నారట. అది బాగా పీలుస్తుంది.

ఈ ఏడు కూడా పామర్రు నుంచి నాలుగు బస్తాలు వచ్చాయి. ఒకదాని మీద నా భార్య పేరులో ఒక అక్షరం తప్పు పడింది. దిద్దలేదు.

బావమరిది మళ్లీ రాలేదు. కొన్నాళ్లు రెండు గ్లాసులు పెట్టి చూశాను. ఇప్పుడు రెండో గ్లాసు పెట్టడం లేదు.