బోర్డు తిప్పే పరశురాములు

తొర్రూరులో పిండి గిర్ని నడిపే పరశురాములుకు ఉన్నది ఒకటే పిచ్చి. ఏ వస్తువునైనా, ఏ గొడవనైనా అవతలి వైపు నుంచి చూడందే ఆయనకు అన్నం సయించదు. కూరలో ఉప్పు గురించి భార్య సోమక్కతో మాటా మాటా పెరిగితే మధ్యలోనే లేచి నిలబడతాడు.

"ఆగు. నువ్వు నా పీట మీద కూసో, నేను నీ పీట మీద కూసుంట. ఇగ నా లెక్క నువ్వు తిట్టు" అంటాడు.

ఆమె పక్షాన ఆయన ఎంత గట్టిగా వాదిస్తాడంటే, ప్రతిసారీ తప్పు పరశురాములుదేనని తేలిపోతుంది. ఈ పద్ధతి మీద సోమక్కకు ఫిర్యాదేమీ లేదు.

పిండి బరకగా వచ్చిందని ఎవరైనా గొడవకొస్తే, వాళ్ళను మిషన్ దగ్గర నిలబెట్టి, వాళ్ళ డబ్బా తాను పట్టుకొని వరసలో నిలబడతాడు. "జర తొందరగ పట్టయ్యా, పొయ్యి మీద పెనం పెట్టొచ్చిన!" అని అరుస్తాడు కూడా.

ఈయన ఒకప్పుడు కాలేజీ తరఫున చదరంగం ఆడినవాడు. అది తెలిసి ఆయన దగ్గరికి వచ్చినవాడు వీరేందర్.

వీరేందర్ కరెంటు లైన్‌మన్. ముప్పై ఎనిమిదేళ్ళు, ఆరడుగుల మనిషి. స్తంభం ఎంత ఎత్తున్నా బెదరడు గానీ, టోర్నమెంట్‌లో ఎదురుగా రెండు జడల పిల్ల కూర్చుంటే ఆలోచన కంటే ముందే చెయ్యి పావు మీద పడుతుంది. మహబూబాబాద్, భూపాలపల్లి టోర్నమెంట్లు కలిపి పదకొండు ఆటలు ఆడితే పదకొండూ ఓడాడు. అందులో తొమ్మిది, పాలపళ్ళు ఊడుతున్నవాళ్ళ చేతిలో. జనగామ టోర్నమెంట్‌లో ఒక్క ఆటైనా గెలవకపోతే బోర్డు అటకెక్కించేస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. ఆటంటే ప్రాణం కాబట్టి, ఆ ఒట్టుకు తనే భయపడ్డాడు.

"నేర్పుతవా అన్నా?"

"నేర్పుడేంది తమ్మీ, ఆడుదాం. ముందుగాల చేతులు తొడల కింద పెట్టుకో. ఆలోచన అయినంకనే చెయ్యి బయటికి రావాలె."

గిర్ని మూలన బియ్యం బస్తా మీద బోర్డు. పిండి రాలి రాలి అరగంటకల్లా నల్లపావులు కూడా తెల్లబడతాయి. ఒకసారి వీరేందర్ తన గుర్రంతో తన ఏనుగునే చంపి ఎంతో సంబరపడ్డాడు.

రోజూ డ్యూటీ దిగి వచ్చేవాడు. ఇరవై ఎత్తులు కాకముందే మంత్రి పోయేది, ముఖం వేలాడేసేవాడు. వెంటనే పరశురాములు "తిప్పు!" అనేవాడు. బోర్డు గిర్రున తిరిగేది. గెలిచే ఆట వీరేందర్‌ది, ఓడే ఆట పరశురాములుది.

"అన్నా, గిది తొండి గాదా?"

"తొండి గాదు, ట్రైనింగ్. నిన్ను ఎట్ల చంపుతున్ననో నా దిక్కుకెళ్ళి చూడు."

ఆ గెలిచే ఆటను కూడా వీరేందర్ చెడగొట్టేవాడు. మళ్ళీ "తిప్పు!" ఒకనాడు ఒకే ఆటలో అయిదుసార్లు తిప్పారు. ఎవరు తెల్లో ఎవరు నల్లో మరిచిపోయి సోమక్కను అడిగితే, "ఇద్దరూ తెల్లగనే ఉన్నరు, పోయి మూతులు కడుక్కోండ్రి" అంది.

ఇలా మూడు నెలలు గడిచాయి.

జనగామలో మొదటి నాలుగు ఆటలూ పోయాయి. మిగిలింది అయిదోది, ఆఖరిది. ఎదురుగా వాసవి అని పదేళ్ళ పిల్ల. ఇరవయ్యో ఎత్తుకు వీరేందర్ మంత్రి పోయింది. తనకు తెలియకుండానే రెండు చేతులూ చాచి బోర్డు గిర్రున తిప్పేశాడు.

"సార్! ఈ అంకుల్ నా ఆట గుంజుకుంటున్నడు!"

హాలంతా ఇటు చూసింది. ఆటల తగువులు తీర్చే ఆర్బిటర్ పరుగున వచ్చి బోర్డు సరిచేసి, ఇంకోసారి తిప్పితే బయటికి పంపిస్తానన్నాడు.

"అలవాటు సార్. మా కోచ్ గిట్లనే నేర్పిండు."

"ఏ అకాడమీ?"

"పిండి గిర్ని సార్."

బోర్డు తిప్పొద్దన్నారు గానీ మనిషిని తిరగొద్దనలేదు. వీరేందర్ లేచి వాసవి కుర్చీ వెనక్కి వెళ్ళి అక్కడి నుంచి చూశాడు. తన వైపు నుంచి చూసినప్పుడు పోయిన మంత్రి తప్ప మరేదీ కంటికి ఆనలేదు. ఇక్కడి నుంచి చూస్తే ఆ పిల్ల రాజు మూలన ఉన్నాడు, ముందు సొంత బంట్లే దారి మూసేశాయి, వెనక వరసకు కాపలా లేదు. వచ్చి కూర్చొని, చేతులు తొడల కింద పెట్టుకొని, రెండుసార్లు సరిచూసుకున్నాడు. అప్పుడు ఏనుగును చివరి గడి దాకా నడిపించాడు.

"చెక్ పాపా. మేట్ గూడ అయిందేమో జర చూడు."

అయింది. వీరేందర్ ఎగిరి గంతేయబోయి ఆగిపోయాడు. వాసవి కింది పెదవి వణుకుతోంది. ఫలితం కాగితం మీద సంతకాలు కాగానే ఏనుగును మళ్ళీ వెనక్కి పెట్టి, బోర్డు తిప్పాడు. "ఇప్పుడు నువ్వాడు." ఆ పిల్ల ఏనుగును నడిపి, "చెక్‌మేట్ అంకుల్!" అని నవ్వి, తల్లి దగ్గరికి పరుగెత్తింది. ఆర్బిటర్ చూశాడు గానీ ఈసారి ఏమీ అనలేదు.

వీరేందర్ మాత్రం కుర్చీలోనే కూర్చొని లెక్క చూసుకున్నాడు. మూడు నెలల్లో గిర్ని నుంచి తాను ఒక్కనాడూ ఓడిపోయి ఇంటికి పోలేదు. రోజూ ఓడింది పరశురాములు.

మర్నాడు సాయంత్రం గిర్నికి పోయి అడిగేశాడు. "గెలిచిన అన్నా. గని నేను ఓడిపోతుంటెనే తిప్పుతవు, గెలుస్తుంటె ఒక్కనాడూ తిప్పలే. గిదేం ట్రైనింగ్?"

పరశురాములు మిషన్ చప్పుడులో వినబడనట్టు అటు తిరిగాడు. జవాబు సోమక్క చెప్పింది.

"ఆయన చెప్పడు తమ్మీ. 'పొద్దుగాల స్తంభం ఎక్కే పిలగాడు, ఓడిపోయిన మనసుతోని ఎక్కద్దు, చెయ్యి తప్పుతది' అంటడు నాతోని."

వీరేందర్ బియ్యం బస్తా ముందు కూర్చున్నాడు. "బోర్డు పెట్టన్నా" అన్నాడు.

ఆనాడు చేతులు తొడల కింద నుంచి తీయడానికి తొందరపడలేదు. ముప్పయ్యో ఎత్తుకు పరశురాములు మంత్రి పోయింది. బోర్డు తిప్పకుండానే ఇలా కావడం మూడు నెలల్లో ఇదే మొదటిసారి. ఆయన గడ్డం గోక్కుంటే ఇంత పిండి రాలింది. వీరేందర్ రెండు చేతులతో బోర్డు పట్టుకున్నాడు.

"తిప్పుదాం అన్నా."

"ఎందుకురా? గెలుస్తున్నవు గద!"

"పొద్దుగాల మిషన్ బెల్టు కాడ నిలబడే మనిషివి. చెయ్యి తప్పుతది."

పరశురాములు చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. బోర్డు గిర్రున తిరిగింది.