గేటు వేస్తేనే వెలిగే అక్షరాలు

బావ పోయిన వారంలోనే నేనిది రాసి ఇవ్వవలసింది. రైల్వే పెన్షనర్ల సంఘం వారు తమ పత్రికలో సంస్మరణ కోసం ఒక పేజీ ఉంచామని కబురు చేశారు. ఇన్నాళ్లూ ఇవ్వలేకపోయాను. దుఃఖం వల్ల అనుకున్నారు అందరూ. దుఃఖం ఉంది. కానీ ఆలస్యానికి కారణం అది కాదు, కంప్యూటర్ వెలగకపోవడం. నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. అవీ బావ తయారుచేసిన ఆ కంప్యూటర్ మీదే వచ్చాయి. మీటల మీద నా వేళ్లు వాటంతటవే నడుస్తాయి. తెర మీద కనబడినది చదవగలను. కలం పట్టుకుంటే మాత్రం సంతకం దాటి చెయ్యి కదలదు.

మీలో చాలామందికి ఆయన జీవరత్నం గారు, చీపురుపల్లి స్టేషన్లో సిగ్నల్ మెయింటెయినర్. నాకు మేనత్త కొడుకు. అందుకే పెళ్లయి ఇన్నేళ్లయినా నాకు బావే. ఆ ఆదివారం చర్చికి బయలుదేరుతూ, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ మంచం మీద కూర్చున్నాడు. మంచినీళ్లు అడిగాడు. నేను గ్లాసుతో వచ్చేసరికి గోడకు ఆనుకుని ఉన్నాడు. పిలిచాను. రెండో బొత్తాం దగ్గరే చెయ్యి ఆగిపోయి ఉంది. ఏదైనా ఆగిపోతే ఎందుకాగిందో చెప్పే మనిషి, తాను ఎందుకు ఆగాడో చెప్పకుండా వెళ్లిపోయాడు.

మా మరిది యోహాను తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాడు. నేను రాయలేక అవస్థ పడుతుంటే ఆయనే ఒక వ్యాసం సిద్ధం చేశాడు. అన్నయ్య స్నేహశీలి, మృదుభాషి, నిగర్వి అని రాశాడు. మంచి మనసుతోనే రాశాడు. చదివి కాగితం పక్కన పెట్టేశాను. ఎందుకంటే బావ ఇలాంటి వ్యాసాలు పత్రికలో చూసినప్పుడల్లా నవ్వేవాడు. "అందరూ మృదుభాషులే అయితే మరి ప్లాట్‌ఫారం మీద ఆ కేకలన్నీ ఎవులేసినట్టు? నాను పోతే నువ్వే రాయాలే. ఉన్నది ఉన్నట్టు రాయి" అన్నాడు ఒకసారి. ఆ మాట నా మీద ఉండిపోయింది. సోమవారంలోగా నాది అందకపోతే యోహాను రాసినదే అచ్చుకు వెళ్తుంది.

కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. రిటైరైన తరువాత బావతో కాపురం చేయడం చాలా కష్టమైంది.

స్టేషన్లో ఆయన పని ఏమిటో మీకు నాకంటే బాగా తెలుసు. ఒక దారి తెరుచుకోవాలంటే దానికి అడ్డువచ్చే దారులన్నీ మూసుకోవాలి. తీగ తెగినా, మీట పాడైనా, సిగ్నల్ ఎర్రలోకే పోవాలి. ఆ పద్ధతిని ఆయన ఉద్యోగంతోపాటు వదిలేసి రాలేదు, ఇంటికి తెచ్చాడు. పేకముక్కంత కంప్యూటర్ బోర్డు ఒకటి తెప్పించుకుని, పడకగదిలో బల్ల వేసుకుని, సీసం కరిగించే వాసనతో ఇల్లు నింపేశాడు. నా కుట్టుమిషను వరండాలోకి పోయింది. బిస్కెట్ డబ్బాలన్నిటిలో బిస్కెట్లకు బదులు స్క్రూలు, అయస్కాంతాలు, పాత రేడియోల పేగులు. దుప్పటి దులిపితే తీగముక్కలు రాలేవి.

మొదట నీళ్ల ట్యాంకుకు దీపాలు పెట్టాడు. నిండితే పచ్చ, ఖాళీ అయితే ఎర్ర. అది బాగుంది, నాకు సుఖంగా ఉంది. నాకు సుఖంగా ఉందని తెలిసి కాబోలు, ఒక రోజు ఆ దీపాలు పీకేసి తెర మీద మాటలు పెట్టాడు. నాకు చదువు రాదని తెలిసీ పెట్టాడు. దీపాలు మళ్లీ పెట్టమని అడిగాను, తిట్టాను, ఒక పూట అన్నం పెట్టలేదు. ఆయన మాత్రం తెర మీద వేలు పెట్టి, ఇది 'నీ', ఇది 'ళ్లు' అని చూపించాడు. మోటారు వేసి, నేను ఇంకా కూడబలుక్కుంటూ ఉండగానే ట్యాంకు పొంగి, పక్కింటి అప్పలనర్సమ్మ ఆరబెట్టుకున్న మిరపకాయల మీద పడింది. ఆవిడ నన్ను తిట్టింది గానీ ఆయన్ను ఏమీ అనలేదు. నేను అఆలతో మొదలుపెట్టలేదు. ఈ లోకంలో నేను మొట్టమొదట చదివిన మాట 'నీళ్లు లేవు'.

తరువాత కుక్కరు విజిళ్లు లెక్కపెట్టే పెట్టె ఒకటి చేశాడు. మూడు కూతలు వినగానే గంట కొడుతుంది, నేను పొయ్యి కట్టెయ్యాలి. మా ఇల్లు రైలు పట్టాల పక్కనే. ఆ పెట్టె రైలు కూతను కూడా కుక్కరుదే అనుకుంది. కూతను బట్టి ఏ బండో చెప్పగలిగిన మనిషి చేసిన పెట్టె అది. ఆ రోజు పప్పు పళ్ల కింద కటకటలాడింది. బావ తిని, చెయ్యి కడుక్కుంటూ, "పేసింజరు లేటుగా వచ్చినాది. తప్పు దానిదే" అన్నాడు.

చర్చిని కూడా వదల్లేదు. ప్రసంగం ముప్పావుగంట దాటితే ప్రసంగ పీఠం మీద ఎర్రదీపం వెలిగేలా చేశాడు. పాస్టరు గారు కోపగించుకోలేదు. మరుసటి ఆదివారం దీపం వెలగగానే దాని మీద తన తువ్వాలు కప్పి, ఇంకో అరగంట మాట్లాడారు. ఇంటికి వస్తూ దారంతా బావ, ఎర్ర వేసినా బండి ఆగకపోతే రైల్వేలో ఏం చేస్తారో నాకు చెబుతూనే ఉన్నాడు.

అక్షరాలు అందుతున్న కొద్దీ నాకు కంప్యూటర్ ముందు నుంచి లేవబుద్ధి అయ్యేది కాదు. నా కోసం మీటలను తన ఇష్టం వచ్చిన వరసలో మార్చి, వాటి మీద తెలుగు చీటీలు అంటించాడు. నేను కూరల పేర్లు కొట్టేదాన్ని, మనవల పేర్లు కొట్టేదాన్ని. ఆ ధ్యాసలో గేటు వెయ్యడం మరిచిపోయేదాన్ని. అప్పలనర్సమ్మ మేకలు వచ్చి బావ పెంచుకున్న కరివేపాకు మొక్కను మోడు చేసిపోయేవి. దాని మీద మా ఇద్దరికీ పెద్ద గొడవైంది. మేకను కట్టుకోమని ఆవిడతో చెప్పడానికి బదులు ఆయన నన్ను కట్టేశాడు. గేటుకు ఒక అయస్కాంతం, గేటు స్తంభానికి ఒక స్విచ్ పెట్టి, అక్కణ్ణుంచి కంప్యూటర్ దాకా తీగ లాగాడు. గేటు తీసి ఉంటే కంప్యూటర్ వెలగదు.

"సదువుకీ మేకకీ ఏటి సంబంధం బావా?" అని అడిగాను.

"రెండూ ఒకే లైన్లో ఉన్నాయే. ఒకటి లోపలికి రావాలంటే రెండోది బయటుండాల" అన్నాడు.

ఒక్కోసారి నేను మాట మధ్యలో ఉండగా ఎవరో గేటు తీసేవారు. తెర నల్లబడేది, కొట్టిందంతా పోయేది. నేను వచ్చిన చుట్టం మీద కోప్పడాలో మొగుడి మీద కోప్పడాలో తెలియక తల పట్టుకునేదాన్ని. అప్పుడు బావ చెప్పే మాట ఒకటే. "ఎర్రగా ఉన్నాదంటే పాడైపోయినట్టు కాదు, కాపలా కాస్తన్నట్టు. దీపాన్ని తిట్టకు. తీగెంట నడు."

ఆయన పోయాక కంప్యూటర్ వెలగలేదు. మా అమ్మాయి విజయనగరం నుంచి ఒకతన్ని పిలిపించింది. అతను ఈ తీగల అల్లిక చూసి, ఇది ఎవరు చేశారో వాళ్లే చూడాలన్నాడు. చేసినాయన సమాధిలో ఉన్నాడు. అల్లుడు తన ల్యాప్‌టాప్ తెచ్చాడు. నేనూ అమ్మాయీ పాత మీటల మీది చీటీలు ఊడబీకి, కొత్త మీటల మీద జాగ్రత్తగా అంటించాం. 'క' నొక్కితే ఇంకేదో వచ్చింది. వరసను గుర్తుపెట్టుకున్నది చీటీ కాదని, లోపల బావ రాసిన లెక్క అని మా ఇద్దరికీ తట్టనే లేదు. చీటీలన్నీ మళ్లీ ఊడబీకి పాత చోట్లలో అంటించాను. ఒంటిచేత్తో ఇంటినంతా ఇలా ముడివేసి, ముడి ఎక్కడుందో ఎవరికీ చెప్పకుండా పోయినందుకు ఆ సాయంత్రం ఆయన ఫోటోను గోడవైపు తిప్పేశాను.

తరువాత నాకు ఆయన మాటే అడ్డం వచ్చింది. కంప్యూటర్ వెనక నుంచి తీగ పట్టుకుని నడిచాను. కిటికీలోంచి బయటికి, గోడ వెంట, కరివేపాకు మొక్క పక్కగా, గేటు స్తంభం దాకా. గేటు వేసే ఉంది. అయినా అయస్కాంతం ఉండవలసిన చోట నల్ల టేపు ముక్క ఒకటి వేలాడుతోంది. శవపేటిక సందులోంచి తిరగడం లేదని ఆ రోజు మగవాళ్లు గేటును మడతబందుల నుంచి పైకెత్తి, గోడకు ఆనించి, తరువాత మళ్లీ తగిలించారు. ఆ ఎత్తడంలో అయస్కాంతం ఎక్కడో పడిపోయింది. ఇన్నాళ్లూ గేటు మూసే ఉన్నా, మా ఇల్లు మాత్రం తెరిచే ఉందనుకుంది. ఆయన్ను తీసుకువెళ్లిన గేటు ఇంకా వెయ్యలేదనుకుంది.

బిస్కెట్ డబ్బాలో వెతికి మరో అయస్కాంతం తెచ్చి టేపుతో అంటించాను. లోపల గదిలో టిక్కుమని వినిపించింది. వెళ్లి చూస్తే తెర మీద 'నీళ్లు లేవు' అని ఉంది. మోటారు వేసి, ఫోటో ఇటు తిప్పి, ఇది మొదలుపెట్టాను.

బావ మృదుభాషి కాడు. అడిగింది ఇచ్చేవాడు కాడు, అడగనిది చేసేవాడు. నేను చదువు అడగలేదు. సుఖంగా ఉన్న దీపాలు పీకేసి, తిట్లు తిని, అన్నం మానుకుని మరీ ఇచ్చాడు. నన్ను అంత విసిగించగలిగే మనిషి మళ్లీ దొరకడు.

పైదంతా నిన్న కంప్యూటర్లో కొట్టాను. ఈ నాలుగు ముక్కలు మాత్రం కలంతో రాసి జతచేస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయి, అచ్చువేసేవాళ్లు మన్నించాలి. ఈ ఉదయం గేటు బార్లా తీశాను. లోపల తెర నల్లబడింది. మెట్టు మీద కూర్చుని, అట్ట ఒళ్లో పెట్టుకుని, ముందు ఆయన పేరు రాశాను. 'జీ' కుదరడానికే చాలాసేపు పట్టింది. అప్పలనర్సమ్మ మేక వచ్చి కరివేపాకు తింటోంది. నేను రాసుకుంటున్నాను.